పాత .315 రైఫిల్ బేరం: డబ్బు ఇచ్చేముందు ఏమేం చూడాలి?

లంక_రైతు
అందరికీ నమస్కారమండి. నా లైసెన్సులో ఎన్‌పి (నిషేధం లేని) బోర్ రైఫిల్ ఎంట్రీ ఉంది. రాజోలు వైపు ఒక పెద్దాయన దగ్గర ఇషాపూర్ ఫ్యాక్టరీ .315 రైఫిల్ అమ్మకానికొచ్చింది. ముప్ఫై ఏళ్లు దాటిన తుపాకి. "పట్టుమని యాభై తూటాలు కూడా కాల్చలేదు, ఎప్పుడూ బీరువాలోనే ఉంది, కొబ్బరినూనె రాసి గుడ్డలో చుట్టి దాచాం" అంటున్నారు. పైకి నల్లగా నిగనిగలాడుతోంది. ఆదివారం చూడ్డానికి వెళ్తున్నాను. వెంట ఏం పట్టుకెళ్లాలి, ఏ వరసలో చూడాలి, ఏది కనబడితే బేరం వదిలేసుకోవాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

ఇనుము_నూనె
లంక రైతు గారూ, వాళ్లు గొప్పగా చెప్పిన మూడు మాటలూ మీరు జాగ్రత్తపడాల్సిన మాటలేనండి.

"తక్కువ కాల్చారు" అన్నది మన డెల్టాలో పెద్ద యోగ్యతాపత్రం కాదు. ఇక్కడ రైఫిల్‌ని తినేసేది తూటా కాదు, తేమ. ఒకపక్క సముద్రపు గాలి, ఇంకోపక్క కాలవలు, చెరువులు. యాభై తూటాలు కాల్చి సరిగ్గా తుడవని రైఫిల్ కంటే రెండువేలు కాల్చి ప్రతిసారీ శుభ్రం చేసిన రైఫిల్ ఎంతో మేలు. పాతకాలపు తూటాల క్యాపుల్లో (దెబ్బకి అంటుకునే అడుగు టోపీలు) పొటాషియం క్లోరేట్ వాడేవారు. అది పేలాక గొట్టంలో పొటాషియం క్లోరైడ్ అనే ఉప్పు మిగులుతుంది. ఉప్పు డబ్బా మూత తీసిపెడితే ఎలా చెమర్చుతుందో ఇదీ అంతే, గాలిలో తేమని లాక్కుని ఇనుముని కొరుకుతుంది. నూనె రాస్తే ఈ ఉప్పు కరగదు, వేడినీళ్లతో కడగాలి. ఆ సంగతి తెలియక ఒట్టి నూనె రాసి దాచినవే ఎక్కువ.

"గుడ్డలో చుట్టాం" అంటే ఆ గుడ్డ పీల్చిన తడంతా ఇనుముకే పట్టి ఉంటుంది. తోలు కేసు ఇంకా చెడ్డది.

కొబ్బరినూనె సంగతి. అది కొన్నాళ్లకి మురిగి పులుస్తుంది, పులిసిన నూనె ఇనుముకి మంచిది కాదు. పైగా సుమారు 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది. మార్గశిరం, పుష్యం తెల్లవారుజాముల్లో బోల్ట్ (తూటా వెనక మూసే ఇనప గడియ) లోపల స్ట్రైకర్ (క్యాపుని కొట్టే సూది) స్ప్రింగు చుట్టూ పేరుకుంటే దెబ్బ మెత్తగా పడి తూటా పేలదు. అమ్మేవాళ్లు "స్ప్రింగు పోయింది, చిన్న పని" అంటారు. ముందు బోల్ట్ విప్పి కడిగి చూడాలి.

వెంట పట్టుకెళ్లాల్సినవి: సన్నటి పెన్‌లైటు, పాత తెల్ల నూలుగుడ్డ ముక్కలు ఓ ఇరవై, 8 మి.మీ. గొట్టంలోకి పోయే ఇత్తడి క్లీనింగ్ రాడ్డు, ఇయర్‌బడ్‌లు, మెకానిక్కులు వాడే టాపెట్ గేజు (సందులు కొలిచే పలచటి ఆకులు), చేపలు తూచే స్ప్రింగు కాటా, సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవరు, ఒక తెల్లకాగితం. ఫోనుకి తగిలించే 5.5 మి.మీ. కెమెరా తీగ దొరికితే మరీ మంచిది, ఈ బోర్‌లోకి పోతుంది. .22లోకి మాత్రం పోదు, బలవంతంగా దూర్చకండి. తూటాలు వెంట తీసుకెళ్లొద్దు. తూటా లోపలికి ఎక్కే తీరు చూడాలంటే డమ్మీలే (మందు లేని ఉత్తుత్తి తూటాలు) వాడండి.

కాయితాల_పంతులు
తుపాకి చేతిలోకి తీసుకునేముందు కాయితాలు చూడండి బాబూ. ఎంత బాగున్న రైఫిలైనా నంబరు తేడా ఉంటే మనకి వద్దు.

పెద్దాయన లైసెన్సు, అందులో తుపాకి ఎంట్రీ, యూఐఎన్ (లైసెన్సుదారుకిచ్చే గుర్తింపు) నంబరు, మొదట కొన్నప్పటి బిల్లు అడగండి. లైసెన్సులో రాసిన నంబరు, రిసీవర్ (బోల్ట్ కదిలే మధ్య ఇనప భాగం) మీద నంబరు, బ్యారెల్ మీద నంబరు, బోల్ట్ మీద నంబరు అన్నీ కాగితం మీద రాసుకుని పోల్చండి. నంబరు దగ్గర ఆకురాయి గీతలు కనబడినా, అంకెలు పక్కదానికంటే లోతు తక్కువగా ఉన్నా వదిలేయండి. గుర్తింపు గుర్తులు చెరిపిన ఆయుధం అమ్మడం ఆయుధాల చట్టం 1959 సెక్షన్ 8 కింద నేరం.

ఇంకో మంచి ఆధారం, ఎన్నికలప్పుడు డిపాజిట్ చేసిన రసీదులు. 2019లోనో 2024లోనో స్టేషన్లోగాని డీలరు దగ్గరగాని పెట్టి ఉంటే ఆ రసీదు మీద నంబరు ఉంటుంది. ఎన్నాళ్లు బయట ఉందో కూడా తెలుస్తుంది. ఆ రోజుల్లో నూనె రాసేవాళ్లు ఉండరు కాబట్టి ఆ తేదీ చూసి లోపల తుప్పు గురించి కొంత ఊహించొచ్చు.

అమ్మకం పద్ధతి: సెక్షన్ 5 ప్రకారం సొంతానికి ఉంచుకున్న ఆయుధం అమ్మేవాడు, కొనేవాడి పేరూ చిరునామాతో జిల్లా మేజిస్ట్రేటుకిగాని దగ్గర్లోని పోలీసు స్టేషన్ అధికారికిగాని రాతపూర్వకంగా తెలపాలి. తెలిపాక 45 రోజులు గడిస్తేగాని చేతులు మార్చకూడదు. అడ్వాన్సు ఇచ్చేసి "మీ దగ్గరే ఉంచుకోండి, తర్వాత రాయిద్దాం" అని తుపాకి ఇంటికి తెచ్చుకునే పని పెట్టుకోవద్దు. 2022లో జిల్లాలు విడిపోయాక పాత తూర్పు గోదావరి ఫైళ్లు కొన్ని కాకినాడలో, కొన్ని అమలాపురంలో వెతుక్కోవాల్సి వస్తుంది. పెద్దాయన ఆఖరి రెన్యూవల్ ఏ కలెక్టరేట్‌లో అయిందో ముందే అడగండి. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు ఆయుధాలే, లైసెన్సు కాలం 5 ఏళ్లు. మీ దగ్గర ఇప్పటికే రెండుంటే ఇక్కడితో ఆగిపోండి.

గోదారి_గట్టు
పంతులు గారు చెప్పిందానికి ఒక్క మాట కలుపుతాను. లైసెన్సున్న రైఫిల్ చేతిలో ఉంది కదా అని చేలో పడ్డ పందిని కొట్టే హక్కు రాదండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం వేట నిషేధం. పంటని పాడుచేసే జంతువు విషయంలోనైనా సెక్షన్ 11 కింద అటవీశాఖ అధికారి రాతపూర్వక అనుమతి ఉండాలి. దానికోసమే కొంటుంటే ముందు ఆ కాయితం సంగతి తేల్చుకోండి.

ఇనుము_నూనె
ఇప్పుడు చూసే వరస.

ముందు మ్యాగజీను తీసేయండి, బోల్ట్ వెనక్కి లాగి చాంబర్‌లోకి (గొట్టం వెనక తూటా కూర్చునే చోటు) చిటికెన వేలు పెట్టి చూడండి. కంటితో చూస్తే చాలదు. ఎవరి చేతినుంచి ఎవరి చేతికి మారినా మళ్లీ ఇదే పని.

పైకి నల్లగా నిగనిగలాడుతోందన్నారు. ముప్ఫై ఏళ్ల తుపాకి కొత్త నలుపుతో మెరుస్తోందంటే ఈమధ్యే బ్లూయింగ్ (ఇనుముకి నలుపు పట్టించడం) చేయించి ఉంటారు. చేయిస్తే తప్పేంలేదు, ఎందుకు చేయించారన్నదే ప్రశ్న. వెలుతురు పక్కనుంచి పడేలా పట్టుకుని చూడండి. నలుపు కింద సన్నటి గుంటలు మశూచి మచ్చల్లా కనబడితే తుప్పు గీకి రంగేశారన్నమాట. అంచులు పదును పోయి గుండ్రబడ్డాయా, స్క్రూ రంధ్రాల చుట్టూ లోహం సాసరులా దిగిందా, ఫ్యాక్టరీ ముద్రలు అలుక్కుపోయాయా చూడండి. ఇవన్నీ బఫింగ్ చక్రం చేసే పనులు. స్క్రూ తలల గాడి చితికిపోయి ఉంటే తగని స్క్రూడ్రైవరుతో ఎవరో విప్పారు. ఎందుకు విప్పారో అడగండి.

తర్వాత బోర్. అమ్మకానికి పెట్టిన ప్రతి గొట్టంలోనూ నూనె నిండుగా ఉంటుంది. నూనె తడి గుంటల్ని నింపేసి అద్దంలా మెరిపిస్తుంది. అందుకని వెలుతురు వేసి చూసే ముందే పొడిగుడ్డ ముక్కలు ఒకటి తర్వాత ఒకటి దూర్చండి, చాంబర్ వైపు నుంచి మూతి వైపుకి. మొదటిది నల్లగా వస్తుంది, అది మామూలే. మూడో నాలుగో ముక్కకి కూడా ఎర్రమట్టి రంగు వదలకపోతే అది నూనె మురికి కాదు, లోపల తుప్పు. ఇటుకపొడిలాంటి ఆ ఎరుపు తెల్లగుడ్డ మీద స్పష్టంగా కనబడుతుంది. గుడ్డ పొడిగా, తెల్లగా వచ్చేదాకా దూర్చి, అప్పుడు వెనక తెల్లకాగితం పెట్టి దాని మీద లైటు వేసి చూడండి. లైటు నేరుగా గొట్టంలోకి వేస్తే కళ్లు బైర్లు కమ్మడమే తప్ప ఏమీ కనబడదు.

కనబడేది మూడు రకాలు. రైఫిలింగ్ గాళ్లు (గుండుని తిప్పే గొట్టం లోపలి మెలి గాళ్లు) పదునుగా ఉండి లోపల కాస్త మసకగా ఉంటే కంగారు పడకండి. రాగి తొడుగు గుండుకి ఆ మసక అడ్డంకాదు, శుభ్రం చేయడం కొంచెం కష్టమవుతుందంతే. గాళ్ల మూలల్లో నల్లటి చుక్కలుంటే గుంటలు. అవి గొట్టం మధ్యలో అక్కడక్కడా ఉంటే బేరంలో తగ్గించుకోవచ్చు. మూతికి రెండంగుళాల్లోపల ఉంటేగాని, చాంబర్‌లో ఉంటేగాని వద్దు. మూతి దగ్గర గుంట గురిని చెడగొడుతుంది. చాంబర్‌లో గుంట ఉంటే పేలినప్పుడు ఇత్తడి కేసు ఉబ్బి అందులోకి దిగి పట్టేస్తుంది, బోల్ట్ ఎత్తడానికి అరచేత్తో కొట్టాల్సి వస్తుంది.

మూడోది నల్లటి ఉంగరం. గొట్టంలో ఒకచోట చుట్టూ నీడలా ఉంగరం కనబడితే అక్కడ బ్యారెల్ ఉబ్బింది. లోపల ఏదో అడ్డుండగా కాల్చారు. మన పక్క దానికి ముఖ్య కారణం కుమ్మరిపురుగు. మూతికి గుడ్డ పెట్టకుండా గోడకి తగిలించిన తుపాకిలో నెల్లాళ్లలో మట్టిగూడు కట్టేస్తుంది. అనుమానముంటే బిగుతుగా పట్టే గుడ్డముక్క రాడ్డుతో నెమ్మదిగా తోయండి. మొదటినుంచి చివరిదాకా ఒకే బిగువు ఉండాలి. ఒకచోట చటుక్కున వదులై మళ్లీ బిగిస్తే అదే ఉబ్బు. బయట వేళ్లతో తడిమినా కొన్నిసార్లు తెలుస్తుంది. ఉబ్బిన బ్యారెల్‌కి బేరం లేదు.

రేంజ్_మనిషి
మూతి గురించి ఇంకాస్త చెప్పాలి. రైఫిల్ గురి చివరి అర అంగుళంలోనే ఉంటుంది. గుండు గొట్టం వదిలే క్షణంలో వెనక గ్యాసు చుట్టూ సమానంగా బయటపడాలి. ఒక పక్క అరిగి ఉంటే గ్యాసు ఆ పక్కనుంచి ముందు పారిపోయి గుండుని తోసేస్తుంది. ఇయర్‌బడ్ మూతి లోపలి అంచుమీద చుట్టూ తిప్పండి. దూది పోగు ఎక్కడ తగులుకుంటే అక్కడ గీరో దెబ్బో ఉంది.

కంటితో కూడా చూడండి. పుల్‌త్రూ (గొట్టం తుడిచే) తాడు వంకరగా లాగే అలవాటున్న తుపాకుల్లో మూతికి ఒకవైపు తాడు రాచిన గాడి పడుతుంది. గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది. ఇనప రాడ్డుతో మూతి వైపు నుంచి తోసినవాటికీ ఇదే గతి. ఈ రైఫిల్‌కి బోల్ట్ ఊడి వస్తుంది కాబట్టి చాంబర్ వైపు నుంచే శుభ్రం చేయొచ్చు, మూతి వైపు నుంచి తోయాల్సిన అవసరమే లేదు.

"కొంచెం కోయించేస్తే సరి" అని ఎవరైనా అంటే వినకండి. గొట్టం పొట్టి చేయడానికి ఆయుధాల చట్టం సెక్షన్ 6 కింద వేరే లైసెన్సు ఉండాలి. ముందు సైటు వెల్డింగ్ మీద కూర్చుని ఉన్నా, మూతి చివర ఆకురాయి చదునులా ఉన్నా ఇదివరకే కోశారేమో అనుమానించండి.

డబుల్_బ్యారెల్
కర్ర సంగతి ఎవరూ రాయలేదు. మన వాతావరణంలో కర్రే ముందు చెబుతుంది.

చేతి పట్టు సన్నగా ఉన్నచోట, రిసీవర్ కర్రలో దిగేచోట బిగించి రెండువైపులా మెల్లగా మెలిపెట్టి చూడండి. వెంట్రుకంత పగులైనా మెలిపెట్టినప్పుడు నోరు తెరుస్తుంది, అందులో నూనె గీత మెరుస్తుంది. ఏళ్ల తరబడి నిలబెట్టి దాచిన తుపాకిలో నూనె కిందికి దిగి రిసీవర్ వెనక కర్ర నల్లగా మెత్తబడిపోతుంది. గోరు పెట్టి నొక్కితే దిగుతుంది. మెత్తబడిన కర్ర దెబ్బకి ఆనదు, రిసీవర్ వెనక్కి జరుగుతుంది, గురి పోతుంది. పుప్పి పట్టిందేమో చూడండి, కర్ర కింద తెల్లకాగితం పెట్టి తడితే సన్నటి పిండి రాలుతుంది.

బట్ (భుజానికి ఆనే కర్ర) ప్లేటు రెండు స్క్రూలూ విప్పి లోపలి రంధ్రం చూడండి. ఇది మన డెల్టాకి ముఖ్యం. 1986 ఆగస్టు వరదలోనో 1996 నవంబరు తుఫానులోనో ఇల్లు మునిగిన తుపాకులు ఉన్నాయి. పైన అంతా తుడిచి పాలిష్ పెట్టొచ్చు, బట్ లోపలి పొడవాటి రంధ్రంలోకి ఎవరూ చూడరు. అక్కడ బూడిదరంగు ఒండ్రు పొరగా ఎండి ఉంటే ఆ తుపాకి నీళ్లలో ఉంది. అప్పుడు బట్ బోల్ట్ (బట్‌ని రిసీవర్‌కి బిగించే పొడవాటి మర) కూడా విప్పి బయటకి తీసి చూడండి, ఎంత తుప్పు పట్టిందో తెలుస్తుంది.

ఇనుము_నూనె
డబుల్ బ్యారెల్ గారూ, ఆ చివరి మాట దగ్గర ఆపాలండి. బట్ ప్లేటు తీయడం వరకు సరే. బట్ బోల్ట్ మాత్రం ముందు కర్ర (గొట్టం కిందుండే కర్ర) తీయకుండా తిప్పకూడదు. లీ ఎన్‌ఫీల్డ్ (పాత బ్రిటిష్ సైనిక రైఫిల్) పద్ధతి రైఫిళ్లలో ఆ బోల్ట్ చివర చదరంగా ఉండి రిసీవర్ దాటి ముందు కర్రలోని ప్లేటులో కూర్చునే రకాలున్నాయి. ముందు కర్ర ఉండగా తిప్పితే ఆ చదరం తిరిగి కర్రని వెనకనుంచి చీల్చేస్తుంది. ఇంతవరకు మంచిగా ఉన్న తుపాకి చూడ్డానికి వెళ్లినవాడి చేతిలో పాడవుతుంది. ఎప్పుడైనా సరే ముందు కర్ర మొదట, బట్ తర్వాత.

ముందు కర్ర తీయడం కూడా అమ్మేవాళ్ల ఇంటి అరుగు మీద చేసే పని కాదు. లోపల దెబ్బకి ఆనే రెండు ముఖాలు కదిలితే గురి మారిపోతుంది. లైసెన్సున్న మరమ్మతుదారు దగ్గర తీయించండి. కాని తీయించి చూడ్డం మాత్రం మానకండి. కర్ర గీత కింద బ్యారెల్ అడుగునే తేమ నిలుస్తుంది. పైన అద్దంలా ఉండి కింద కొరికేసినవి మన దగ్గర మామూలు. గోరు తగులుకునేంత గుంటలు చాంబర్ ఉన్న లావుపాటి భాగంలో ఉంటే ఆ తుపాకి కాల్చడం మానేయాలి.

డబుల్_బ్యారెల్
నిజమేనండి, బట్ బోల్ట్ గురించి నేను తొందరపడి రాశాను. లంక రైతు గారూ, బట్ ప్లేటు వరకే తీయండి, బట్ బోల్ట్ జోలికి వెళ్లొద్దు.

ఇనుము_నూనె
ఇక బోల్ట్. మూసేటప్పుడు చివర్లో గట్టిగా తోయాల్సి వస్తే లోపమనుకోకండి, ఈ రకంలో స్ట్రైకర్ స్ప్రింగు మూసేటప్పుడే బిగుస్తుంది. వెనక్కి లాగి, బోల్ట్ హెడ్‌ని (బోల్ట్ ముందు కొన) అది జారే పట్టా మీదనుంచి పైకి లేపి బోల్ట్ బయటకి తీయండి.

బోల్ట్ ముఖం మీద స్ట్రైకర్ రంధ్రం చుట్టూ చిన్న గుంటలు ఉంగరంగా ఉంటే క్యాపులు చిల్లిపడి గ్యాసు వెనక్కి తన్నిందన్నమాట. స్ట్రైకర్ మొన గుండ్రంగా, నున్నగా ఉండాలి, ముఖం దాటి సుమారు 1 నుంచి 1.25 మి.మీ. బయటకి రావాలి. తక్కువైతే పేలదు, ఎక్కువైతే క్యాపు చిల్లిపడుతుంది. టాపెట్ గేజు ఆకులు 1 మి.మీ. మందానికి కలిపి పక్కన ఆనించి చూస్తే తెలిసిపోతుంది.

బోల్ట్ హెడ్ చేత్తో బిగిస్తే బోల్ట్ రిబ్ (బోల్ట్ మీది పొడవాటి గట్టు) వరసలో ఆగాలి. బాగా దాటి తిరిగిపోతే మరలు అరిగాయి. బోల్ట్ మూసి బోల్ట్ హెడ్‌ని బొటనవేలితో పైకి ఎగదోస్తే పట్టా వదిలి లేచిపోతే పట్టా అంచు అరిగింది.

లాకింగ్ లగ్గులు (మూసిన బోల్ట్‌ని పట్టి ఉంచే దిమ్మలు) ఈ రకంలో వెనక ఉంటాయి, రెండూ ఆనాలి. కాటుకగాని దీపం మసిగాని కొంచెం నూనెలో కలిపి రెండు లగ్గుల వెనక ముఖాలకీ పల్చగా పూసి, ఖాళీ చాంబర్ మీద బోల్ట్ నాలుగైదుసార్లు మూసి తెరిచి తీయండి. రెంటిమీదా మసి చెరగాలి. ఒకదానిమీదే చెరిగితే బరువంతా అదొక్కటే మోస్తోంది. చూశాక మసి తుడిచేయడం మరవొద్దు.

బోల్ట్ నంబరు రిసీవర్ నంబరుతో కలవకపోతే హెడ్‌స్పేస్ కొలవకుండా ఒక్క తూటా కూడా కాల్చకూడదు. ఈ తూటా అంచున్న రకం కాబట్టి బోల్ట్ ముఖానికీ అంచు ఆనే చోటుకీ మధ్య ఖాళీయే హెడ్‌స్పేస్. గేజు మరమ్మతుదారు దగ్గరే ఉంటుంది. గేజు లేనిచోట అదే రైఫిల్‌లో కాల్చిన ఖాళీ కేసులు అడగండి. అడుగుకి పైన, వేలి మందంలోపల, చుట్టూ తళతళలాడే గీత ఉంటే కేసు అక్కడ సాగి పలచబడింది, త్వరలో తెగుతుంది. సన్నటి తీగ కొన వంచి కేసు లోపల గోడమీదనుంచి లాగండి, ఆ గీత దగ్గర గాడి చేతికి తగులుతుంది. క్యాపు మధ్యలో కాక పక్కన దెబ్బ తిన్నా, క్యాపు అడుగు మట్టం దాటి పైకొచ్చినా అనుమానించండి.

రేంజ్_మనిషి
ట్రిగ్గర్ పరీక్ష నేను రాస్తాను. ఇది రెండు మెట్ల ట్రిగ్గర్. మొదట వదులుగా వస్తుంది, తర్వాత గట్టిపడి వదులుతుంది. స్ప్రింగు కాటా కొక్కెం తగిలించి నెమ్మదిగా లాగండి. రెండో మెట్టు సుమారు 2.3 నుంచి 3 కిలోల మధ్య వదలాలి. కిలోన్నరకే వదిలేస్తే "సున్నితంగా ఉంది" అని మురిసిపోకండి, ఎవరో సియర్‌ని (స్ట్రైకర్‌ని వెనక్కి పట్టి ఉంచే మెట్టు) ఆకురాయితో రాశారు.

ఖాళీ చాంబర్ మీద కాక్ చేసి సేఫ్టీ వేయండి. ట్రిగ్గర్ గట్టిగా లాగి వదలండి. కాకింగ్ పీసు (స్ట్రైకర్ వెనక చివర) ముందుకి కదలకూడదు. ఇప్పుడు ట్రిగ్గర్ ముట్టుకోకుండా సేఫ్టీ తీయండి. పడిపోతే వద్దు. తర్వాత నాలుగు మడతల గోనెసంచి మీద జానెడు ఎత్తునుంచి బట్ మూడుసార్లు కొట్టండి. పడకూడదు. బోల్ట్ గట్టిగా ఠప్పున మూసినా పడకూడదు. ఇవి డజనుసార్లు చేసినా ఒక్కసారి కూడా తప్పకూడదు. పదకొండుసార్లు ఆగి ఒక్కసారి పడినా అది పడే తుపాకియే.

మ్యాగజీను: డమ్మీలు పెట్టేటప్పుడు ప్రతి తూటా అంచు దాని కింది తూటా అంచుకి ముందుకి ఉండాలి. వెనక్కి పడితే రెండు అంచులూ లంకెపడి ఎక్కవు. చాలామంది దాన్ని మ్యాగజీను లోపమనుకుంటారు. వరస సరిగ్గా పెట్టాక కూడా ఎక్కకపోతే పెదవులు వంగాయేమో, అడుగు స్ప్రింగు తుప్పుపట్టిందేమో చూడండి.

కాల్చి చూడ్డమంటే అనుమతి ఉన్న రేంజ్‌లోనే. ఇంటి వెనక కొబ్బరితోటలో కాదు. కాల్చేముందు చాంబర్, బోర్ పొడిగా తుడవండి. చాంబర్‌లో నూనె ఉంటే కేసు గోడకి పట్టు దొరక్క బరువంతా బోల్ట్ మీద పడుతుంది. సంచి మీద ఆనించి 50 మీటర్లలో 5 తూటాలు, మధ్యలో చల్లారనిచ్చి. ఓపెన్ సైట్లతో అరచేతిలో పట్టే గుంపు వస్తే చాలు. వేడెక్కేకొద్దీ గుళ్లు ఒకేవైపు పాకుతుంటే ముందు కర్ర బ్యారెల్‌ని నొక్కుతోంది. వానాకాలం తడికి కర్ర ఉబ్బినప్పుడు ఇది ఎక్కువ.

భీమవరం_చిన్నోడు
ఇదే వరసలో ఒక చిన్న ప్రశ్నండి. 12 బోర్ డబుల్ బ్యారెల్‌కి కూడా ఇవే చూడాలా?

డబుల్_బ్యారెల్
బోర్, కర్ర, కాయితాలు అవే తమ్ముడూ. అదనంగా నాలుగు చూడు.

ముందు కర్ర తీసి, బ్యారెల్స్ మూసి పక్కలకి ఊపు. కదలకూడదు. వెలుతురుకి ఎదురుగా పెట్టి బ్యారెల్ వెనక ముఖానికీ రిసీవర్ గోడకీ మధ్య చూడు. టాపెట్ గేజులో 0.05 మి.మీ. ఆకు దూరిపోతే వదులైంది. పైన మీట మూసినప్పుడు కొత్తదానిలో మధ్యకి కాస్త కుడివైపు ఆగుతుంది. మధ్య దాటి ఎడమకి పోతే లాక్ అరిగింది. బ్యారెల్స్ విడదీసి కింది కొక్కేనికి వేలు పెట్టి వేలాడదీసి వేలిమెటికతో తట్టు. గుడిగంటలా మోగాలి. పగిలిన కుండలా మోగితే మధ్య పట్టీ అతుకు వదిలింది, దాని కింద తేమ చేరి లోపల్నుంచి తింటుంది.

నాలుగోది చాంబర్ పొడవు. పాత ఇంగ్లీషు తుపాకులు చాలావరకు 65 మి.మీ.కి చేసినవి. ఇప్పటి 70 మి.మీ. తూటా అందులో చక్కగా పడుతుంది. పేలాక నోరు విచ్చుకోవడానికి చోటు ఉండదు, ఒత్తిడి పెరుగుతుంది. "పట్టింది కదా" అని కాల్చొద్దు, కొలిపించు.

లంక_రైతు
అందరికీ కృతజ్ఞతలండి. ఆదివారం చూశాను. కనబడినవి కనబడినట్టు రాస్తున్నాను.

కాయితాలు సరిగ్గా ఉన్నాయి, నాలుగు నంబర్లూ కలిశాయి, 2024 డిపాజిట్ రసీదు కూడా ఉంది. పొడిగుడ్డ తొమ్మిదో ముక్కదాకా ఎర్రగానే వచ్చింది. రైఫిలింగ్ పదునుగా ఉంది, మూతి అంచు చుట్టూ దూది ఎక్కడా తగులుకోలేదు. ఉంగరం లేదు. చాంబర్‌లో ఒకపక్క, గడియారంలో నాలుగు నుంచి ఆరు మధ్య, నల్లటి చుక్కలు గుంపుగా ఉన్నాయి. ట్రిగ్గర్ రెండో మెట్టు 2.6 కిలోలు, సేఫ్టీ పరీక్షలన్నీ నెగ్గింది. స్ట్రైకర్ మొన దాదాపు 1.1. మసి రెండు లగ్గుల మీదా చెరిగింది. బట్ ప్లేటు వెనకవైపు గరుకు తుప్పు, లోపల రంధ్రంలో బూడిదరంగు పొర. గోరుతో గీకితే పొరలు పొరలుగా ఊడింది, నీళ్లు చుక్క వేస్తే బంకమట్టిలా జారింది. వాళ్లని అడిగితే ఇల్లు ఒకసారి మునిగిన మాట నిజమేనన్నారు.

ఇనుము_నూనె
చాలా శ్రద్ధగా చూశారండి. ఈ వివరాలతో నా మాట: చాంబర్‌లో చుక్కలు నాలుగు నుంచి ఆరు మధ్య ఉన్నాయంటే పడుకోబెట్టినప్పుడు కిందికి వచ్చిన వైపు. నీళ్లు దిగి అక్కడ నిలిచాయి. బట్‌లో ఒండ్రు ఉంది. ఈ రెండూ ఒకే కథ చెబుతున్నాయి. ముందు కర్ర కింద కూడా అదే ఒండ్రు ఉంటుంది, అక్కడ ఏళ్లపాటు తడి పట్టి ఉంటుంది. ట్రిగ్గర్, లగ్గులు, మూతి అన్నీ బాగున్నాయి, తక్కువ కాల్చారన్న మాట కూడా నిజమే. కాని చాంబర్ గుంటని పూడ్చలేం. పాలిష్ చేస్తే చాంబర్ పెద్దదై కేసులు ఉబ్బుతాయి. బ్యారెల్ మార్చడం కర్ర మార్చినంత తేలిక కాదు, నంబరు, ప్రూఫు (ఒత్తిడి పరీక్ష ముద్ర), లైసెన్సు ఎంట్రీ అన్నీ మారాలి.

పెద్దాయన ఒప్పుకుంటే లైసెన్సున్న మరమ్మతుదారు దగ్గరికి ఆయన చేతనే పంపించి, ముందు కర్ర తీయించి ఫొటోలు తెప్పించుకోండి. అదీ మీరు పైసా ఇవ్వకముందు. కింద శుభ్రంగా ఉండి, కాల్చిన కేసులు పట్టేయకుండా వస్తే అప్పుడు మాట్లాడండి. ఒప్పుకోకపోతే వదిలేయండి.

కాయితాల_పంతులు
మరమ్మతుకి ఇచ్చేటప్పుడు పెద్దాయనే ఇవ్వాలి, రసీదు ఆయన పేరనే ఉండాలి. మీరు మోసుకెళ్లొద్దు.

లంక_రైతు
ఫోన్ చేశానండి, ముందు కర్ర తీయించడానికి ఒప్పుకోలేదు, "కొనేవాళ్లు చాలామంది ఉన్నారు" అన్నారు. వదిలేశాను. రాజమండ్రిలో ఒక డీలరు దగ్గర ఇంకో .315 ఉందట, శనివారం వెళ్తున్నాను.

ఇనుము_నూనె
మంచిపని చేశారు. డీలరు దగ్గర హెడ్‌స్పేస్ గేజు ఉంటుంది, మీ కళ్లముందే పెట్టించండి. ముందు కర్ర కూడా అక్కడే తీసి చూపించమనండి, షాపులో అది పావుగంట పని. గుడ్డ ముక్కలు ఇరవై కాదు, ముప్ఫై పట్టుకెళ్లండి.